విల్ట్ చాంబర్లేన్

విల్ట్ చాంబర్లేన్ (ఆగష్టు 21, 1936 - అక్టోబరు 12, 1999) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. ఇతని పూర్తి పేరు విల్టన్ నార్మన్ చాంబర్లేన్. 7 అడుగుల 1 అంగుళం ఎత్తు గల ఇతడు సెంటర్ స్థానంలో ఆడేవాడు. అమెరికాలోని ప్రధాన వృత్తి క్రీడాసంఘమైన నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (ఎన్.బి.ఎ.)లో 1959 నుండి 1973 వరకు 14 సీజన్లు ఆడాడు. ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించిన ఘనత ఇతనిది. ఒక సీజన్ మొత్తానికి ఆటకు సగటున 50 పాయింట్లకు పైగా చేసినవాడు కూడా ఇతడొక్కడే.

ఇన్ని రికార్డులు ఉన్నప్పటికీ చాంబర్లేన్‌ను రెండు జట్లు తమంతట తామే ఇతర ఆటగాళ్ళకు బదులుగా వదులుకున్నాయి. ఆ రెండు మార్పిడులలోనూ అతనికి బదులుగా వచ్చినది అతని పేరుప్రతిష్ఠలతో పోల్చితే చాలా తక్కువ. ఒక ఆటగాడి విలువను అతని అంకెలను బట్టి నిర్ణయించాలా, జట్టు గెలుపును బట్టి నిర్ణయించాలా అని బాస్కెట్‌బాల్ అభిమానులు చేసుకునే వాదనలలో చాంబర్లేన్ పేరు తప్పనిసరిగా వినిపించడానికి కారణం ఇదే.

బాల్యము, విద్యాభ్యాసము

చాంబర్లేన్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక పెద్ద కుటుంబంలో జన్మించాడు. తండ్రి విలియం, తల్లి ఒలీవియా. బాల్యంలో ఇతనికి పరుగుపందెము, ఎత్తు దూకడము వంటి ఆటలపై మక్కువ ఎక్కువగా ఉండేది. అతని నగరంలో అప్పటికే బాస్కెట్‌బాల్‌కు ఎంతో ఆదరణ ఉండటంతో క్రమంగా ఆ ఆట వైపు మళ్ళాడు.

ఓవర్‌బ్రూక్ ఉన్నత పాఠశాల జట్టులో ఆడిన మూడు సంవత్సరాలలో ఆ జట్టు 56 ఆటలు గెలిచి, 3 మాత్రమే ఓడింది. 1955లో ఒక ఆటలో చాంబర్లేన్ ఒక్కడే 90 పాయింట్లు చేశాడు. పత్రికల వారు ఇతనిని పొయ్యకాళ్ళవంటి పొడవు కాళ్ళను సూచించే పేరుతో పిలిచేవారు. ఆ పేరు ఇతనికి ఎంతమాత్రమూ నచ్చేది కాదు. గుమ్మాల కింద తల వంచి నడవవలసి రావడం వలన మిత్రులు పెట్టిన డిప్పర్ అనే పేరును మాత్రం ఇష్టపడేవాడు. అది సప్తర్షి మండలానికి అమెరికాలో వాడుకలో ఉన్న పేరు కూడా.

పాఠశాల విద్యార్థిగా ఉండగానే ఇతనిపై హక్కు కోసం పోటీ మొదలైంది. ఆ రోజులలో ఎన్.బి.ఎ. జట్లకు తమ ప్రాంతపు కళాశాలల ఆటగాళ్ళను ముందుగా ఎంచుకొనే వెసులుబాటు ఉండేది. ఫిలడెల్ఫియా వారియర్స్ జట్టు యజమాని ఎడ్డీ గాట్లీబ్ ఒక కొత్త వాదన లేవదీశాడు. చాంబర్లేన్ ఫిలడెల్ఫియాలో పెరిగినవాడు, చదవబోయే కాన్సాస్ ప్రాంతంలో ఎన్.బి.ఎ. జట్టు లేదు, కాబట్టి అతనిపై ప్రాంతీయ హక్కు తమదేనని కోరాడు. సంఘము అందుకు అంగీకరించింది. ఆ విధంగా చాంబర్లేన్ ఏ జట్టుకు ఆడాలన్నది, అతడు కళాశాల పూర్తి చేయకముందే నిర్ణయమైపోయింది.

కాన్సాస్ విశ్వవిద్యాలయము

అనేక విశ్వవిద్యాలయాలు ఆహ్వానించినప్పటికీ చాంబర్లేన్ కాన్సాస్ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాడు. అక్కడి వృద్ధ శిక్షకుడు ఫాగ్ అలెన్ ఇతనిని స్వయంగా ఒప్పించాడు. కానీ చాంబర్లేన్ ప్రధాన జట్టులోకి వచ్చేసరికి అలెన్ పదవీ విరమణ చేయగా, డిక్ హార్ప్ శిక్షకుడయ్యాడు. 1956 డిసెంబరు 3న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంతో ఆడిన మొదటి ఆటలో చాంబర్లేన్ 52 పాయింట్లు, 31 రీబౌండ్లు సాధించాడు. బుట్టలో పడక వెనుకకు వచ్చిన బంతిని చేజిక్కించుకోవడాన్ని రీబౌండు అంటారు.

1957 జాతీయ కళాశాలల పోటీ తుది ఆటలో కాన్సాస్ జట్టు నార్త్ కరోలినా జట్టును ఎదుర్కొన్నది. ప్రత్యర్థి శిక్షకుడు ఫ్రాంక్ మెక్‌గ్వైర్ చాంబర్లేన్ చుట్టూ ముగ్గురిని మోహరించి అతనికి బంతి అందకుండా చేశాడు. మూడుసార్లు అదనపు సమయం ఇచ్చిన ఆ ఆటలో కాన్సాస్ 54-53 తేడాతో ఓడిపోయింది. పోటీలలో ఉత్తమ ఆటగాడిగా చాంబర్లేన్‌నే ఎంపిక చేసినా, పెద్ద ఆటలు గెలవలేనివాడన్న అపవాదు ఆనాడే ఇతనికి అంటుకున్నది.

అమెరికాలో జాతి వివక్ష బహిరంగంగా అమలులో ఉన్న కాలమది. నల్లజాతీయుడైన చాంబర్లేన్ కాన్సాస్‌లోనూ, పోటీలకు వెళ్ళిన దక్షిణాది నగరాలలోనూ అవమానాలు ఎదుర్కొన్నాడు. తనను ముగ్గురు నలుగురు చుట్టుముట్టే ఆటతీరుతో విసుగు చెంది 1958లో చివరి సంవత్సరం చదువు పూర్తి చేయకుండానే విశ్వవిద్యాలయాన్ని విడిచిపెట్టాడు.

వృత్తి జీవితము - ఆరంభము

తోటి విద్యార్థులు పట్టభద్రులయ్యే వరకు ఏ ఆటగాడూ ఎన్.బి.ఎ.లో చేరరాదన్న నియమం అప్పట్లో ఉండేది. అందువలన చాంబర్లేన్ ఒక సంవత్సరం పాటు హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ అనే ప్రదర్శన జట్టులో ఆడాడు. 1959లో ఆ జట్టుతో పాటు సోవియట్ రష్యా రాజధాని మాస్కోలో పర్యటించాడు. ఆటను వినోదంగా చూసే ఆ జట్టులో గడిపిన కాలాన్ని ఇతడు జీవితాంతం ఇష్టంగా గుర్తుచేసుకునేవాడు.

1959 అక్టోబరు 24న న్యూయార్క్ నిక్స్ జట్టుపై వారియర్స్ తరఫున తొలి ఆట ఆడి, 43 పాయింట్లు, 28 రీబౌండ్లు చేశాడు. ఆ సీజన్‌లో సగటున ఆటకు 37.6 పాయింట్లు, 27 రీబౌండ్లు సాధించి, ఉత్తమ నూతన ఆటగాడు, అత్యంత విలువైన ఆటగాడు అనే రెండు పురస్కారాలనూ ఒకే ఏడు అందుకున్నాడు. 1960 నవంబరు 24న బోస్టన్ సెల్టిక్స్ జట్టుపై ఒకే ఆటలో 55 రీబౌండ్లు పట్టి మరొక రికార్డు నెలకొల్పాడు. ఆనాడు ఇతనికి ఎదురుగా నిలిచినవాడు బిల్ రసెల్. బంతిని అడ్డుకోవడంలో సాటిలేనివాడిగా పేరొందిన రసెల్‌తో చాంబర్లేన్ పేరు ఆ తరువాత శాశ్వతంగా ముడిపడిపోయింది.

1961-62 సీజన్, నూరు పాయింట్ల ఆట

1961లో వారియర్స్ శిక్షకునిగా వచ్చినవాడు, నాలుగేళ్ళ క్రితం చాంబర్లేన్‌ను ఓడించిన ఫ్రాంక్ మెక్‌గ్వైరే. చాంబర్లేన్‌ను విశ్రాంతి లేకుండా ఆడించి, బంతిని వీలైనంతగా అతనికే అందించాలని మెక్‌గ్వైర్ నిర్ణయించాడు. ఫలితంగా ఆ సీజన్ 80 ఆటలలో చాంబర్లేన్ 4,029 పాయింట్లు చేశాడు. అంటే ఆటకు సగటున 50.4 పాయింట్లు. ఎన్.బి.ఎ. ఆట నిడివి 48 నిమిషాలు కాగా, అదనపు సమయాలు కలుపుకొని ఇతడు ఆడినది ఆటకు సగటున 48.5 నిమిషాలు.

1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో న్యూయార్క్ నిక్స్ జట్టుతో ఆట జరిగింది. 4,124 మంది ప్రేక్షకులు హాజరయ్యారు. నిక్స్ ప్రధాన సెంటర్ ఆ రోజు ఆడకపోవడంతో డారెల్ ఇమ్‌హాఫ్ అనే యువకుడు చాంబర్లేన్‌ను ఎదుర్కొన్నాడు. తప్పిదాల పరిమితి దాటిపోవడంతో అతడు ఆట మధ్యలోనే వైదొలగవలసి వచ్చింది. మొదటి పాదం ముగిసేసరికి చాంబర్లేన్ 23 పాయింట్లు, సగం ఆటకు 41, మూడవ పాదానికి 69 చేశాడు. చివరి నిమిషంలో 100కు చేరాడు. 63 ప్రయత్నాలలో 36 సార్లు బంతిని బుట్టలో వేశాడు. సామాన్యంగా ఇతనికి బలహీనత అయిన ఫ్రీ త్రోలలో ఆనాడు 32కు 28 సఫలమయ్యాయి. వారియర్స్ 169-147 తేడాతో గెలిచింది.

ఈ ఆటకు చలనచిత్రం ఏదీ లేదు. చివరి పాదపు రేడియో వ్యాఖ్యానము, గణాంకాల పత్రము, కొన్ని ఛాయాచిత్రాలు మిగిలాయి. జట్టు ప్రచార అధికారి, గణాంకవేత్త అయిన హార్వే పొల్లాక్ ఒక కాగితంపై 100 అని వ్రాసి ఇవ్వగా, దానిని పట్టుకుని కూర్చున్న చాంబర్లేన్ చిత్రం ప్రపంచప్రసిద్ధి పొందింది. చివరి నిమిషాలలో చాంబర్లేన్‌కు బంతి అందకుండా నిక్స్ ఆటగాళ్ళు అతని సహచరులపై తప్పిదాలు చేశారు. బంతిని తిరిగి రాబట్టుకోవడానికి వారియర్స్ కూడా అదే పని చేసింది. గెలుపోటములు తేలిపోయిన తరువాత జరిగిన ఈ తంతును కొందరు ఆట స్ఫూర్తికి విరుద్ధమని తప్పుబట్టారు.

అయినప్పటికీ ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం చాంబర్లేన్‌కు దక్కలేదు. అప్పట్లో ఆటగాళ్ళే వోటు వేసి నిర్ణయించే ఆ పురస్కారాన్ని వారు బిల్ రసెల్‌కు ఇచ్చారు. అదే సీజన్‌లో ఆస్కార్ రాబర్ట్‌సన్ పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింటిలోనూ సగటున రెండంకెల సంఖ్య సాధించాడు. సహచరునికి బంతినందించి పాయింటుకు కారణమవడాన్ని అసిస్టు అంటారు. ఈ ముగ్గురిలో ఆ ఏడాది ఎవరు గొప్ప అన్నది అభిమానుల మధ్య నేటికీ తెగని తగవు. ప్లేఆఫ్స్‌లో బోస్టన్ జట్టు ఏడవ ఆటలో 109-107 తేడాతో వారియర్స్‌ను ఓడించింది.

మొదటి మార్పిడి (1965)

1962లో వారియర్స్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి తరలిపోయింది. ఆ సీజన్‌లో చాంబర్లేన్ 44.8 సగటుతో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసినా, జట్టు 80లో 31 ఆటలే గెలిచింది. మరుసటి ఏడు అలెక్స్ హానమ్ శిక్షణలో తుది సిరీస్ వరకు వెళ్ళి బోస్టన్ చేతిలో ఓడింది. 1964-65 సీజన్ ఆరంభంలో చాంబర్లేన్ క్లోమ సంబంధ వ్యాధితో బాధపడ్డాడు. జట్టు వరుసగా ఓడిపోసాగింది. ప్రేక్షకులు తగ్గి నష్టాలు పెరిగాయి. మరొకవైపు అదే స్థానంలో ఆడగల నేట్ థర్మండ్ అనే ప్రతిభావంతుడు జట్టులో ఎదుగుతున్నాడు.

1965 జనవరిలో వారియర్స్ యాజమాన్యం చాంబర్లేన్‌ను ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ జట్టుకు ఇచ్చివేసింది. బదులుగా కానీ డీర్కింగ్, పాల్ న్యూమన్, లీ షాఫర్ అనే ముగ్గురు ఆటగాళ్ళు, 1,50,000 డాలర్ల నగదు లభించాయి. వీరిలో షాఫర్ కొత్త జట్టులో చేరనే లేదు, ఆటకు స్వస్తి చెప్పాడు. అప్పటికి చాంబర్లేన్ ఆటకు సగటున 38.9 పాయింట్లు చేస్తున్నాడు.

అంకెలను మాత్రమే చూసేవారికి ఈ మార్పిడి అర్థంలేనిదిగా తోస్తుంది. అయితే దాని పర్యవసానాలు అంత సూటిగా లేవు. వారియర్స్ ఆ సీజన్‌లో 17 ఆటలే గెలిచి, 63 ఓడింది. చిట్టచివరి స్థానంలో నిలిచినందువలన కొత్త ఆటగాళ్ళ ఎంపికలో ముందు వరుస లభించి, రిక్ బ్యారీని తీసుకోగలిగింది. రెండేళ్ళలోనే బ్యారీ పాయింట్లలో అగ్రస్థానానికి చేరాడు. బ్యారీ, థర్మండ్ కలిసి 1967లో జట్టును తుది సిరీస్‌కు చేర్చారు. అక్కడ వారికి ఎదురైనది చాంబర్లేన్ ఆడుతున్న ఫిలడెల్ఫియా జట్టే. ఒక మార్పిడిలో ఎవరు లాభపడ్డారో ఆనాటి పేర్లను బట్టి కాక, కొన్నేళ్ళు ఆగి చూసి నిర్ణయించాలనే వారు ఈ ఉదంతాన్ని ఉదహరిస్తారు. ఆ తుది సిరీస్‌లో గెలిచినవాడు చాంబర్లేన్ కదా అని ఎదుటివారు సమాధానమిస్తారు.

ఆ కాలంలో ఆటగాళ్ళకు తమకు నచ్చిన జట్టును ఎంచుకొనే స్వేచ్ఛ లేదు. ఒప్పందం ముగిసినా హక్కు జట్టు దగ్గరే ఉండేది. ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరిట నడిచిన దావా 1976లో పరిష్కారమైన తరువాతనే ఈ పరిస్థితి మారసాగింది. కాబట్టి చాంబర్లేన్ మార్పిడులను చర్చించేటప్పుడు, ఆ నిర్ణయాలలో ఆటగాడి పాత్ర పరిమితమన్న సంగతిని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఫిలడెల్ఫియాలో విజయము

స్వస్థలానికి తిరిగి వచ్చిన చాంబర్లేన్ 1966, 1967, 1968 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. 1965 ప్లేఆఫ్స్‌లో బోస్టన్‌తో ఏడవ ఆట చివరి క్షణాలలో సహచరుడు విసిరిన బంతిని జాన్ హావ్లిచెక్ అడ్డుకోవడంతో జట్టు 110-109 తేడాతో ఓడింది. ఆ ఏడు చాంబర్లేన్ లక్ష డాలర్ల వార్షిక వేతనం పొందగా, రసెల్ అంతకంటే ఒక్క డాలరు ఎక్కువ అడిగి తీసుకున్నాడు.

1966-67లో అలెక్స్ హానమ్ మళ్ళీ ఇతనికి శిక్షకుడయ్యాడు. పాయింట్లు తగ్గించుకుని సహచరులకు బంతి అందించమని హానమ్ కోరగా చాంబర్లేన్ అంగీకరించాడు. అయిదేళ్ళ క్రితం ఆటకు 39 సార్లకు పైగా బంతిని బుట్టవైపు వేసినవాడు ఆ సీజన్‌లో 14 సార్లు మాత్రమే వేశాడు. పాయింట్ల సగటు 24.1కి పడిపోయింది, కానీ ప్రయత్నాలలో 68.3 శాతం సఫలమయ్యాయి. అసిస్టుల సగటు 7.8కి పెరిగింది. హాల్ గ్రీర్, చెట్ వాకర్, బిల్లీ కన్నింగ్‌హామ్, లూక్ జాక్సన్ వంటి సహచరులతో కూడిన ఆ జట్టు 68 ఆటలు గెలిచి, 13 మాత్రమే ఓడింది. వరుసగా ఎనిమిదేళ్ళు విజేతగా నిలిచిన బోస్టన్‌ను 4-1తోనూ, తుది సిరీస్‌లో తన పాత జట్టు వారియర్స్‌ను 4-2తోనూ ఓడించి చాంబర్లేన్ తన మొదటి విజేత పతకాన్ని అందుకున్నాడు.

మరుసటి సీజన్‌లో అసిస్టుల మొత్తంలో కూడా ప్రథమ స్థానం సాధించాలని పూనుకుని 702 అసిస్టులతో సాధించాడు. ఒక సెంటర్ ఆటగాడికి ఇది అపూర్వమైన విషయం. అయితే ఆటకు సగటు చూస్తే ఆస్కార్ రాబర్ట్‌సన్ ఇతని కంటే ముందున్నాడు. రాబర్ట్‌సన్ ఆ ఏడాది తక్కువ ఆటలు ఆడాడు. మొత్తాన్ని లెక్కించాలా, సగటును లెక్కించాలా అన్న చర్చకు ఇది మంచి ఉదాహరణగా నిలిచింది.

రెండవ మార్పిడి (1968)

1968 ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా జట్టు బోస్టన్‌పై 3-1 ఆధిక్యంలో ఉండి కూడా వరుసగా మూడు ఆటలు ఓడిపోయింది. ఏడవ ఆటలో బోస్టన్ 100-96తో గెలిచింది. ఆ ఆట రెండవ సగంలో చాంబర్లేన్ బంతిని బుట్టవైపు వేయడానికి దాదాపుగా ప్రయత్నించనేలేదు. బంతి తనకు అందలేదని అతని వర్గంవారు, అతడే అడగలేదని విమర్శకులు వాదించారు. శిక్షకుడు హానమ్ జట్టును విడిచి వెళ్ళాడు. తనకు జట్టులో యాజమాన్య వాటా ఇస్తానని మాట ఇచ్చిన ఐక్ రిచ్‌మన్ 1965లోనే మరణించాడని, మిగిలిన యజమాని ఆ మాట నిలబెట్టుకోలేదని చాంబర్లేన్ అసంతృప్తితో ఉన్నాడు. పోటీ సంఘమైన అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌కు వెళ్ళిపోగలనని కూడా హెచ్చరించాడు.

1968 జులైలో అతనిని లాస్ ఏంజిల్స్ లేకర్స్ జట్టుకు ఇచ్చివేశారు. బదులుగా వచ్చినవారు ఆర్చీ క్లార్క్, జెర్రీ చాంబర్స్, డారెల్ ఇమ్‌హాఫ్. ఈ ఇమ్‌హాఫ్ హెర్షీ పట్టణంలో నూరు పాయింట్ల నాడు చాంబర్లేన్‌కు ఎదురు నిలిచినవాడే. చాంబర్స్ ఫిలడెల్ఫియా తరఫున ఒక్క ఆట కూడా ఆడలేదు. అత్యంత విలువైన ఆటగాడిగా ఎన్నికైన వెంటనే ఆ ఆటగాడిని మరొక జట్టుకు మార్చడం ఎన్.బి.ఎ.లో అదే మొదటిసారి.

ఫిలడెల్ఫియా జట్టు తరువాతి సీజన్‌లో కూడా 55 ఆటలు గెలిచింది. దానిని చూపి చాంబర్లేన్ లేకున్నా లోటు రాలేదని కొందరు వాదించారు. కానీ ఆ తరువాత జట్టు ఏటికేడు క్షీణించి, 1972-73లో 82 ఆటలకు గాను 9 మాత్రమే గెలిచింది. ఆ పతనానికి ఇతర మార్పిడులు, తప్పుడు ఎంపికలు కూడా కారణాలే. అందువలన దోషమంతటినీ 1968 నిర్ణయంపై మోపడం సబబు కాదని విశ్లేషకుల అభిప్రాయం. ఏమైనప్పటికీ, ముగ్గురు సామాన్యులు కలిసినా ఒక అసామాన్యునికి సాటిరారన్న సూత్రానికి అభిమానులు మొదట చెప్పే ఉదాహరణ ఈ మార్పిడే.

లాస్ ఏంజిల్స్ లేకర్స్

లేకర్స్‌లో జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ అప్పటికే ప్రసిద్ధులు. వారికి చాంబర్లేన్ తోడవడంతో ఆ జట్టుకు ఎదురులేదని అందరూ భావించారు. 1969 తుది సిరీస్‌లో బోస్టన్‌తో ఏడవ ఆట చివరి నిమిషాలలో మోకాలికి గాయమై చాంబర్లేన్ బయటికి వచ్చాడు. తిరిగి ఆడతానని కోరినా శిక్షకుడు వాన్ బ్రెడా కోల్ఫ్ నిరాకరించాడు. లేకర్స్ 108-106తో ఓడిపోయింది. చాంబర్లేన్ ఆట మధ్యలో తప్పుకున్నాడని రసెల్ బహిరంగంగా విమర్శించడంతో, అంతవరకు మిత్రులుగా ఉన్న వారిద్దరి మధ్య చాలా ఏళ్ళు మాటలు లేకుండా పోయాయి. వృద్ధాప్యం సమీపించాక వారు తిరిగి స్నేహితులయ్యారు.

1962, 1965, 1968, 1969 సంవత్సరాలలో బోస్టన్ చేతిలో ఏడవ ఆటలలో ఎదురైన ఈ నాలుగు ఓటముల తేడాలు కూడితే వచ్చేది 9 పాయింట్లు మాత్రమే. చాంబర్లేన్‌ను ఓటమికి మారుపేరుగా చిత్రించడం అన్యాయమనేవారు ఈ సంఖ్యను ముందుకు తెస్తారు.

1971లో బిల్ షర్మన్ శిక్షకునిగా వచ్చి, చాంబర్లేన్‌ను పాయింట్ల కంటే రక్షణపై, రీబౌండ్లపై శ్రద్ధ పెట్టమన్నాడు. ఆ సీజన్‌లో చాంబర్లేన్ పాయింట్ల సగటు 14.8 మాత్రమే. జట్టు మాత్రం వరుసగా 33 ఆటలు గెలిచి, మొత్తం 69 విజయాలు, 13 ఓటములతో రికార్డు నెలకొల్పింది. తుది సిరీస్‌లో న్యూయార్క్ నిక్స్‌ను 4-1తో ఓడించింది. చేతికి గాయమైనప్పటికీ అయిదవ ఆటలో 24 పాయింట్లు, 29 రీబౌండ్లు సాధించిన చాంబర్లేన్ సిరీస్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఇతని రెండు విజయాలూ ఇతడు తక్కువ పాయింట్లు చేసిన సీజన్లలోనే రావడం గమనార్హం.

గణాంకాలపై వాదోపవాదాలు

చాంబర్లేన్ గణాంకాలను యథాతథంగా నేటి ఆటగాళ్ళ గణాంకాలతో పోల్చరాదని చాలామంది అభిప్రాయం. 1961-62లో ఎన్.బి.ఎ.లో 9 జట్లే ఉండేవి. ఆట వేగం చాలా ఎక్కువ. ఒక్కొక్క జట్టు ఆటకు సుమారు 107 సార్లు బంతిని బుట్టవైపు వేసేది. ఇటీవలి కాలంలో ఈ సంఖ్య 90కి అటూఇటుగా ఉంటోంది. అంతేకాక ఆనాడు వేసిన బంతులలో నూటికి 43 కంటే తక్కువే బుట్టలో పడేవి. తప్పిపోయిన బంతులు ఎక్కువ కాబట్టి రీబౌండ్లకు అవకాశాలు కూడా ఎక్కువే. దీనికి తోడు చాంబర్లేన్ ఆట మొత్తం ఆడేవాడు. ఈ కారణాలన్నీ కలిసి అతని అంకెలను పెంచాయని ఒక వర్గం వాదన.

అవే పరిస్థితులు ఆనాటి ఆటగాళ్ళందరికీ వర్తించినా, మరెవ్వరూ ఆ అంకెల దరిదాపులకు రాలేదని రెండవ వర్గం సమాధానం. మూడు పాయింట్ల గీత ఎన్.బి.ఎ.లోకి 1979లో గాని రాలేదు. అడ్డుకున్న బంతులను అధికారికంగా లెక్కించడం 1973-74లో, అంటే చాంబర్లేన్ విరమించిన మరుసటి సీజన్‌లో మొదలైంది. అతని రక్షణ నైపుణ్యంలో ముఖ్యభాగం ఏ పట్టికలోనూ లేదన్నమాట. అతని ఆధిక్యాన్ని అరికట్టడానికి 1964లో బుట్ట ముందరి నిషేధిత ప్రాంతపు వెడల్పును 12 అడుగుల నుండి 16 అడుగులకు పెంచారు. ఒక ఆటగాడి కోసం నియమాలనే మార్చవలసి రావడం అతని విలువకు తార్కాణమని అభిమానులు అంటారు.

అతని బలహీనతలు కూడా అంకెలలోనే కనిపిస్తాయి. ఫ్రీ త్రోలలో జీవితకాల సఫలత 51.1 శాతం మాత్రమే. 1961-62లో బంతిని రెండు చేతులతో కింది నుండి వేసే పద్ధతిలో 61 శాతం సాధించినా, ఆ పద్ధతి నామోషీగా తోచి మానుకున్నాడు. సాధారణ సీజన్లలో 30.1గా ఉన్న పాయింట్ల సగటు ప్లేఆఫ్స్‌లో 22.5కి తగ్గింది. అక్కడ రీబౌండ్ల సగటు మాత్రం 22.9 నుండి 24.5కి పెరిగింది. ప్లేఆఫ్స్‌లో ఎక్కువసార్లు ఎదురుపడినవాడు రసెల్ కావడం, పాయింట్లు తక్కువ చేసిన చివరి సంవత్సరాలలోనే ఎక్కువ ప్లేఆఫ్ ఆటలు ఆడటం ఇందుకు కొంతవరకు కారణాలు.

రసెల్ 11 సార్లు, చాంబర్లేన్ 2 సార్లు విజేత జట్లలో ఉన్నారు. విజయాలే కొలమానమైతే తీర్పు స్పష్టం. కానీ రసెల్ పక్కన ఆడిన సహచరుల బలం, శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్ వ్యూహము, పదమూడేళ్ళు ఒకే జట్టులో కొనసాగగలగడము వంటివి చాంబర్లేన్‌కు లభించలేదు. ఒంటరి ప్రతిభను జట్టు ఫలితం నుండి వేరుచేసి తూచడం ఎంత కష్టమో ఈ పోలిక తెలియజేస్తుంది.

విరమణ, తరువాతి జీవితము

1973లో శాన్ డియేగో కాంక్విస్టడార్స్ జట్టు ఇతనిని ఆటగాడిగా, శిక్షకునిగా ఏడాదికి 6,00,000 డాలర్లకు తీసుకున్నది. ఇంకొక ఏడాది హక్కు తమకున్నదని లేకర్స్ న్యాయస్థానానికి వెళ్ళడంతో ఆడే అవకాశం పోయింది. ఒక సీజన్ శిక్షకునిగా పనిచేసి వైదొలగాడు. అనంతరం వాలీబాల్ ఆటలో చురుకుగా పాల్గొని, ఆ క్రీడ వ్యాప్తికి కృషి చేశాడు. 1984లో విడుదలైన కోనన్ ది డిస్ట్రాయర్ చిత్రంలో నటించాడు. ఇతడు అవివాహితుడు. 1991లో ప్రచురించిన పుస్తకంలో తన వ్యక్తిగత సంబంధాల సంఖ్య గురించి వ్రాసుకున్న మాటలు తీవ్ర విమర్శలకు గురయ్యాయి.

1957 ఓటమి భారంతో కాన్సాస్‌కు చాలాకాలం దూరంగా ఉన్న చాంబర్లేన్, 1998 జనవరిలో తన 13వ నంబరు దుస్తులకు అక్కడ జరిగిన గౌరవోత్సవానికి హాజరయ్యాడు. ప్రేక్షకులు లేచి నిలబడి చేసిన కరతాళధ్వనులకు చలించిపోయాడు.

1999 అక్టోబరు 12న లాస్ ఏంజిల్స్‌లోని తన నివాసంలో గుండె వైఫల్యంతో మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 63 సంవత్సరాలు. సంస్మరణ సభలో బిల్ రసెల్ ప్రసంగించి తమ స్నేహాన్ని స్మరించుకున్నాడు.

గౌరవాలు

1979లో బాస్కెట్‌బాల్ ప్రఖ్యాతుల మందిరంలో ఇతనికి స్థానం లభించింది. 1996లో ఎన్.బి.ఎ. ప్రకటించిన 50 మంది గొప్ప ఆటగాళ్ళ జాబితాలోనూ, 2021 నాటి 75వ వార్షికోత్సవ జాబితాలోనూ ఇతని పేరు ఉంది. 2004లో ఫిలడెల్ఫియాలో విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 2014లో అమెరికా తపాలా శాఖ ఇతని స్మారకంగా తపాలా బిళ్ళలు విడుదల చేసింది. 2022లో ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారానికి ఇతని పేరు పెట్టారు.

గణాంకాల సారాంశము

- ఆడిన ఆటలు (సాధారణ సీజన్లు): 1,045
- మొత్తం పాయింట్లు: 31,419 (ఈ రికార్డును 1984 ఏప్రిల్ 5న కరీం అబ్దుల్-జబ్బార్ అధిగమించాడు)
- మొత్తం రీబౌండ్లు: 23,924
- ఆటకు సగటు: 30.1 పాయింట్లు, 22.9 రీబౌండ్లు, 4.4 అసిస్టులు
- ఆడిన సమయం సగటు: ఆటకు 45.8 నిమిషాలు
- పాయింట్లలో ప్రథమ స్థానం: 7 సార్లు
- రీబౌండ్లలో ప్రథమ స్థానం: 11 సార్లు
- 50 లేదా అంతకు మించి పాయింట్లు చేసిన ఆటలు: 118
- అత్యంత విలువైన ఆటగాడు: 4 సార్లు (1960, 1966, 1967, 1968)
- విజేత జట్టు సభ్యుడు: 2 సార్లు (1967, 1972)
- తప్పిదాల పరిమితి దాటి బయటికి వెళ్ళిన ఆటలు: ఒక్కటీ లేదు